నాలుగు చక్రాల పొలం బండి: కొనే ముందు చూడవలసినవి

న్యూజిలాండ్ పాడి పరిశ్రమను గురించిన చిత్రాలు చూసిన సభ్యులకు అందులో ఒక బండి కనిపించి ఉంటుంది. మోటారు సైకిలు మాదిరి సీటు, హ్యాండిలు ఉంటాయి. చక్రాలు మాత్రం నాలుగు. టైర్లు లావుగా, బుడగల వలె ఉంటాయి. దాని మీద కూర్చుని రైతు ఆవుల మంద వెనుక మెల్లగా వస్తుంటాడు. దీనిని ఏటీవీ అని, క్వాడ్ బైక్ అని అంటారు. మన దేశం నుండి వెళ్ళి అక్కడి డెయిరీ ఫారాలలో పనిచేస్తున్నవారు కూడా ఉన్నారు. అట్టి వారికి మొదటి రోజుననే చేతికి వచ్చే బండి ఇదే. కనుక ఈ బండి ఏమిటి, దానిని ఎట్లా ఎంచుకుంటారు, ఎక్కడ ప్రమాదం పొంచి ఉంటుంది అనే సంగతులు సభ్యులకు తెలియజేయాలని మేము అనుకున్నాము.

ముందుగా ఒక మాట. ఈ బండి ఎంపికలో గుర్రపు శక్తి ఆఖరున చూడవలసిన విషయం. మొదట చూడవలసినవి మూడు: మోయవలసిన బరువు, ఎక్కవలసిన వాలు, నడిపే మనిషి.

బండి పుట్టుక

1970లో హోండా సంస్థ అమెరికాలో మూడు చక్రాల బండి ఒకటి విడుదల చేసింది. గాలి తక్కువగా నింపిన లావు టైర్లతో అది మంచులోను, ఇసుకలోను కూరుకుపోకుండా నడిచేది. కాని మలుపులలో సులభంగా బోల్తా పడేది. సుజుకి సంస్థ 1983 మోడలుగా నాలుగు చక్రాల బండిని తెచ్చింది. మూడు చక్రాల బండ్ల వల్ల ప్రమాదాలు పెరగడంతో అక్కడి ప్రభుత్వ సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు 1988లో వాటి అమ్మకం నిలిచిపోయింది. నాలుగో చక్రం వచ్చింది గనుక ప్రమాదం తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. అది నిజం కాలేదు. ఆ సంగతి ముందు ముందు చెబుతాము.

పని ఏమిటో ముందు రాసుకోవాలి

న్యూజిలాండ్‌లో సగటు మందలో సుమారు 440 ఆవులు ఉంటాయి. అవి ఏడాది పొడుగునా పచ్చిక బయళ్ళలోనే మేస్తాయి. తెల్లవారకముందే మందను పాలు పితికే షెడ్డుకు తోలుకు రావాలి. విద్యుత్ కంచె తీగ చుట్టలు మార్చాలి. దూడలకు పాలు పట్టాలి. ఈనే ఆవులను రాత్రి వేళ చూసి రావాలి. ఇన్ని పనులకు కాలినడక చాలదు, ట్రాక్టరు ఎక్కువవుతుంది. అందువల్ల ఈ బండి అక్కడ స్థిరపడింది.

ఆదివారం నాడు అదే బండి విహారానికి కూడా పోతుంది. పల్లె బడికో, అగ్నిమాపక దళానికో విరాళాలు పోగుచేయడానికి రైతులు తమ పొలాల్లో కొండదారుల వెంట బండ్ల విహారం ఏర్పాటు చేస్తుంటారు. కొనేవాని మనసు ఇక్కడే రెండుగా చీలుతుంది. పనికి కావలసినది మెల్లగా, నిలకడగా లాగే బండి. విహారానికి నచ్చేది చురుకుగా ఎగిరి దూకే బండి. మా సలహా ఏమంటే, వారంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏదో దానిని బట్టి బండిని ఎంచుకోవాలి. పని బండి మీద మెల్లగా విహారం చేయవచ్చు. విహారపు బండి మీద బరువు పనులు చేస్తే చేటు తప్పదు.

బరువు లెక్క

పని బండికి ముందొకటి, వెనుకొకటి ఇనుప చట్రాల క్యారియర్లు ఉంటాయి. 500 సీసీ తరగతి బండ్లలో సాధారణంగా ముందు క్యారియర్ 45 కిలోలు, వెనుకది 85 నుండి 90 కిలోలు మోస్తుంది. ఖచ్చితమైన అంకె బండి మీది రేకుపైనే రాసి ఉంటుంది.

మనకు తెలిసిన లెక్కతో దీనిని చూద్దాము. 40 లీటర్ల క్యాను నిండా పాలు పోస్తే పాల బరువే 41 కిలోలు. క్యాను బరువు కలిపితే 50 కిలోల దరిదాపుకు వస్తుంది. అటువంటివి రెండు పెడితే వెనుక క్యారియర్ హద్దు దాటినట్లే. చూడడానికి ఎంతో బలంగా కనిపించే బండి రెండు పాల క్యాన్లకే చాలదన్నమాట. మందు పిచికారీకి 100 లీటర్ల ట్యాంకు కట్టినా ఇదే సంగతి. పైగా సగం నిండిన ట్యాంకులో నీరు వాలు వైపుకే పరుగెత్తి బండిని అటే లాగుతుంది.

బరువు ఎక్కువైతే ట్రెయిలర్ తగిలించడం మంచిది. బరువు కిందికి ఉంటుంది, బండి తల బరువెక్కదు. అయితే లాగే బరువుకు కూడా హద్దు ఉంది. నిండు ట్రెయిలర్‌తో దిగుడులో పోతే అది వెనుక నుండి బండిని నెడుతుంది. కనుక ఎంత లాగగలదని మాత్రమే కాక, ఎంత బరువును ఆపగలదని కూడా దుకాణదారును అడగాలి.

వాలు, బోల్తా

ఈ బండి వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. మనిషి పైన కూర్చుంటే బరువు మరింత పైకి పోతుంది. అడ్డ వాలులో ఒక చక్రం రాయి ఎక్కినా, గుంటలో దిగినా చాలు, పల్టీ కొడుతుంది. బండి బరువు 250 నుండి 350 కిలోలు. కింద పడిన మనిషి దానిని ఎత్తలేడు. దూరాన పొలంలో ఒంటరిగా ఉన్నప్పుడు కేక వేసినా వినేవారుండరు. ఎముక ఒక్కటీ విరగకపోయినా, గుండెల మీది బరువుకు ఊపిరాడక చనిపోయినవారు అనేకులు. ఇట్టివి వేగంగా పోయేటప్పుడు మాత్రమే జరుగుతాయనుకోరాదు. రోజూ వెళ్ళే దారిలో, మెల్లగా పోయేటప్పుడు కూడా జరిగాయి. 2011 తరువాతి పదేళ్ళలో ఒక్క ఆస్ట్రేలియాలోనే వంద మందికి పైగా ఈ బండ్ల వల్ల ప్రాణాలు కోల్పోయారు.

అందుచేత ఆ ప్రభుత్వం 2019లో ఒక భద్రతా ప్రమాణం తెచ్చింది. బండిని వంచే బల్లపై నిలబెట్టి, ఎంత వాలు వరకు నిలుస్తుందో కొలిచి, ఆ అంకెను అమ్మకపు చీటీపై చూపాలన్నారు. 2021 అక్టోబరు నుండి, పక్కకు వంచినప్పుడు సుమారు 29 డిగ్రీల వరకు నిలవగల కొత్త పని బండ్లనే అమ్మాలన్నారు. అంటే మీటరు అడ్డానికి 55 సెంటీమీటర్ల ఎత్తు. అదీగాక, బోల్తా పడినప్పుడు మనిషికీ బండికీ నడుమ ఖాళీ ఉండేటట్లు సీటు వెనుక రక్షణ కమ్మీ ఉండి తీరాలన్నారు. ఈ నియమాలు నచ్చక కొన్ని పెద్ద కంపెనీలు ఆ దేశంలో ఈ బండ్ల అమ్మకం మానుకున్నాయి. ప్రభుత్వం మాత్రం వెనుకకు తగ్గలేదు. ఆ దేశంలోనే చేతులు మారే పాత బండ్లకు ఈ నియమం వర్తించదు. కనుక పాత బండి కొనేవారు రక్షణ కమ్మీని తామే వేయించుకోవాలి.

ఒక హెచ్చరిక. 29 డిగ్రీలు అన్నది కదలని బండికి, చదునైన బల్ల మీద వచ్చిన అంకె. తడి గడ్డి మీద, బరువుతో, మలుపు తిరిగేటప్పుడు అందులో ఎంతో తక్కువకే బండి పడిపోవచ్చు. రెండు బండ్లను పోల్చి చూడడానికి ఆ అంకె పనికివస్తుంది. అంత వాలు ఎక్కవచ్చునని దానికి అర్థం కాదు.

యంత్ర భాగాలు

ఇక యంత్రం సంగతి. గేర్లు రెండు రకాలు. బెల్టుతో నడిచే ఆటోమేటిక్ రకం సులభం, గేరు మార్చే పని లేదు. కాని బరువు లాగేటప్పుడు తక్కువ గేరు వేయకపోతే బెల్టు వేడెక్కి చెడిపోతుంది. కొన్ని బెల్టు బండ్లలో దిగుడులో యాక్సిలరేటరు వదిలితే ఇంజను పట్టు ఉండదు. కొనే ముందు దిగుడులో నడిపి చూడాలి. మామూలు గేర్ల రకం నేర్చుకోవడానికి కొంత సమయం పట్టినా, దిగుడులో ఇంజను బండిని గట్టిగా పట్టుకుంటుంది.

వెనుక ఇరుసు కూడా రెండు రకాలు. ఒకే కడ్డీ ఇరుసు ఉన్న బండి బరువు పెట్టినా అంతగా కుంగదు, మరమ్మతు తక్కువ. చక్రాలు విడివిడిగా ఆడే రకం రాళ్ళ దారిలో నడుముకు సుఖం, దిగువన ఎక్కువ ఎత్తు ఇస్తుంది. అయితే దాని రబ్బరు తొడుగులు చిరిగితే లోపలికి బురద చేరుతుంది. ట్రెయిలర్ పని ఎక్కువగా ఉంటే మొదటిది, ఎగుడుదిగుడు దారుల్లో తిరగడం ఎక్కువగా ఉంటే రెండవది మేలు. బురద నేలకు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి అవసరం.

టైర్లలో గాలి చాలా తక్కువ, 4 నుండి 7 పౌండ్ల వరకే. కారు టైర్ల గాలి మీటరు ఇంత తక్కువను సరిగా చూపదు. ఒక వైపు టైర్లలో రెండు పౌండ్లు తగ్గినా బండి అటే లాగుతుంది. కనుక తక్కువ ఒత్తిడి చూపే మీటరు ఒకటి బండితోపాటే కొనాలి.

పాడి రైతు మరచిపోరాని సంగతి

ఇది పశువుల వెనుక నడిచే బండి. 1989లో న్యూజిలాండ్‌లో వెలువడిన ఒక పరిశోధనలో ఆవుల కుంటితనానికి ముఖ్య కారణాలుగా రెండు తేలాయి. ఒకటి, మంద నడిచే దారి బాగులేకపోవడం. రెండవది, తోలేవాని ఓపికలేమి. బండితో తొందరపెడితే వెనుక ఆవులు ముందు ఆవులను నెడతాయి, తల దించి అడుగు చూసుకోవడం మానేస్తాయి, గిట్ట రాయి మీద పడుతుంది. కుంటే ఆవు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది. కనుక ఆవు నడకతో సమానంగా, ఇంజను రొద లేకుండా, ఆగి ఆగి పోగల బండే పాడికి తగినది. బండి ఎంత వేగంగా పోగలదని అడిగేవారు ఎంత మెల్లగా పోగలదని కూడా అడగాలి.

నడిపే మనిషి

ఈ బండి నడిపేవాడు మలుపులో, వాలులో తన ఒంటి బరువును పైవైపుకు జరుపుతూ నడపాలి. సీటు పొడుగ్గా ఉండడం అందుకోసమే, ఇద్దరు కూర్చోవడానికి కాదు. ఒకరికని చేసిన బండి మీద రెండవ వారిని ఎక్కించరాదు. 16 ఏళ్ళ లోపు పిల్లలకు పెద్దల బండి ఇవ్వరాదని తయారీదారులే చెబుతారు. పిల్లవానికి తన బరువుతో బండిని నిలబెట్టే శక్తి ఉండదు. ఇంటి ఆవరణలోనే కదా అని తల్లిదండ్రులు సరిపెట్టుకోరాదు. హెల్మెట్ పొలంలో కూడా ఉండాలి.

తరచుగా ఇద్దరు కలిసి వెళ్ళవలసి వస్తే, నేల ఏటవాలుగా ఉంటే, పక్కపక్కన కూర్చునే రకం బండిని ఆలోచించాలి. దానికి స్టీరింగు, చుట్టూ రక్షణ చట్రం, సీటు బెల్టులు, వెనుక సామాను తొట్టి ఉంటాయి. ఖరీదు ఎక్కువ, ఇరుకు దారిలో పట్టదు. అయినా బోల్తా పడినప్పుడు బెల్టు పెట్టుకున్న మనిషి చట్రం లోపలే ఉంటాడు. బెల్టు పెట్టుకోకపోతే ఆ చట్రమే మీద పడుతుంది.

విహారానికి బయలుదేరే ముందు ట్యాంకు, పనిముట్లు దింపి క్యారియర్లు ఖాళీ చేయాలి. టైర్లు, బ్రేకులు చూసుకోవాలి. ఎటు పోతున్నదీ, ఎప్పటికి వచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

మన గ్రామాల మాట

మన సభ్యులలో చాలామందికి ఉన్నవి రెండు మూడు గేదెలు. సంఘానికి పాలు చేర్చడానికి సైకిలు, మోపెడ్ చాలు. మామూలు ఏటీవీలకు మన దేశంలో రోడ్డు రిజిస్ట్రేషను లభించదు, అవి సొంత ఆవరణలకే పరిమితం. పొలారిస్ సంస్థ 2020లో ట్రాక్టరుగా రిజిస్టరు కాగల బండి నొకదానిని మన దేశంలో విడుదల చేసింది. దాని ధర అప్పట్లో 8 లక్షల రూపాయల దరిదాపు. ఆ సొమ్ముతో ఎన్ని ముర్రా గేదెలు వస్తాయో, ఎంత పశుగ్రాసం పెంచవచ్చో సభ్యులే లెక్క వేసుకోగలరు. పెద్ద తోటలు, విశాలమైన మేత భూములు ఉన్నవారికి మాత్రమే ఇది ఆలోచించదగిన కొనుగోలు.

అయితే ఇందులో మనందరికీ పనికివచ్చే పాఠం ఒకటి ఉన్నది. ట్రాక్టరు గాని, పాల వ్యాను గాని, గడ్డి కోసే యంత్రం గాని, ఏది కొన్నా బరువు, వాలు, మనిషి అనే మూడు ప్రశ్నలు ముందు వేసుకోవాలి. వాటికి జవాబు దొరికిన తరువాతనే ధర, రంగు, వేగం గురించి అడగాలి. విదేశాలలో పనిచేస్తున్న మీ పిల్లలకు ఉత్తరం రాసినా, ఫోనులో మాట్లాడినా, రక్షణ కమ్మీ ఉన్నదా, హెల్మెట్ పెట్టుకుంటున్నావా అని ఒక మాట అడగవలసినదిగా సభ్యులను మేము కోరుతున్నాము.