'కరువు'ను వెతికితే దొరకదేం? – యంత్ర నిర్మాణం, తెలుగు పాఠ్యం

అనంతపురం కరువు సాహిత్యాన్ని పరిశోధించేవారికి విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' మొదలు సింగమనేని నారాయణ కథల దాకా విస్తారమైన సామగ్రి ఉంది. ఇటువంటి రచనల్లో 'కరువు' అనే మాట ఏయే అర్థచ్ఛాయలతో వచ్చిందో కంప్యూటర్‌లో వెతకబోతే పాత డి.టి.పి. ఫైళ్లు సహకరించవు. మాట తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. వెతికితే మాత్రం దొరకదు. దీనికి మూలం టైపు చేసినవారి అజాగ్రత్త కాదు, యంత్ర నిర్మాణం.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్‌లో అక్షర రూపాలు డిస్‌ప్లే కార్డు మీది చిప్‌లో స్థిరంగా ఉండేవి. గుర్తుకొక బైట్ చొప్పున మొత్తం 256 గుర్తులు. తెర మీద వరుసకు 80 గడులు, 25 వరుసలు. పక్కపక్కన నిలిచే రోమన్ లిపికి ఇది చాలు. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు గల 'స్త్రీ'కి ఆ గడి ఇరుకు.

ఐ.ఐ.టి. కాన్పూరు పరిశోధనలో రూపుదిద్దుకొని సి-డాక్ ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన జిస్ట్ కార్డు ఈ సమస్యను హార్డ్‌వేర్‌తోనే పరిష్కరించింది. అక్షర సంయోజన భారాన్ని కార్డు మోసినందువల్ల డాస్ ప్రోగ్రాములను తిరిగి రాయవలసిన అవసరం తప్పింది. అయితే అదే ఫైలును కార్డు లేని యంత్రంలో తెరిస్తే తెలుగుకు బదులు గీతలు, యూరోపియన్ అక్షరాలు కనిపించేవి. అయినా 1991లో ఐ.ఎస్. 13194గా ప్రమాణీకృతమైన ఇస్కీ అక్షరపు ఆకారాన్ని కాక, అక్షరాన్నే నమోదు చేసింది. తెలుగు పరిశోధన తగినంతగా గుర్తించని మేలు ఇది.

విండోస్ కాలంలో రూపాలు ఫాంటులోకి మారాయి. కార్డు పోయింది గాని 256 పరిమితి పోలేదు. అను వంటి ఫాంటులు అక్షరాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కలను రోమన్ సంకేతాల స్థానాల్లో అమర్చాయి. అచ్చుకు అది సరిపోయింది. ఫైలులో ఉన్నవి మాత్రం ముక్కల సంఖ్యలే.

యూనికోడ్‌లో 'కరువు' ఐదు సంకేతాలు: క, ర, ఉకారం, వ, ఉకారం. అక్కడా యంత్ర స్వభావం అడ్డుపడింది. 'క' సంఖ్య 3093. రెండు బైట్లలో రాస్తే 12, 21. ఇంటెల్ ప్రాసెసర్ 21ని ముందుంచుతుంది, పాత మెకింతోష్‌లలోని మోటరోలా ప్రాసెసర్ 12ను. క్రమం తారుమారైతే ఆ సంఖ్య 5388 అవుతుంది. అది కెనడా ఆదివాసుల లిపిలోని అక్షరం! 1992లో రూపొందిన యు.టి.ఎఫ్.-8 తెలుగు అక్షరానికి మూడు బైట్లు తీసుకున్నా, వాటి క్రమం ఏ యంత్రంలోనైనా ఒకటే.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చిన తరువాత వత్తులను, సంయుక్తాక్షరాలను మూలంతో మాట మాటకూ సరిచూసుకోవాలి. లెక్కింపు ఆ తరువాతే.