ఆటలో పొంగిన నైలునది

ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టుట, బొమ్మరిండ్లు పేర్చుట బాలబాలికలకు అనాదిగా వచ్చుచున్న వేడుక. ఇల్లు కట్టినవారు దానికొక దారిని, బావిని, తోటను గూడ అమర్చుదురు. ఆ వేడుకయే నేడు కంప్యూటరు తెరపైకి వచ్చినది. పూర్వకాలపు నగరములను తెరపై నిర్మించి, అందలి ప్రజలకు అన్నపానములు సమకూర్చి పాలించునట్టి ఆటలు అనేకము గలవు. వానిలో ‘ఫారో’ అనునది యొకటి. ప్రాచీన ఈజిప్టు రాజులకు ఫారో అని పేరు. అమెరికా దేశమందలి ఇంప్రెషన్స్ గేమ్స్ అను సంస్థ ఈ ఆటను 1999లో వెలువరించినది. 2023లో ఒక ఫ్రెంచి సంస్థ దీనినే క్రొత్త చిత్రములతో మరల రూపొందించినది.

ఈ ఆటను దూరదేశపు బాలుడు ఆడుట వేరు; నైలునది యొడ్డున పుట్టిన బాలుడు ఆడుట వేరు. మొదటివానికి అదియొక వింతలోకము. రెండవవానికి అందలి ఎండయు, ఇసుకయు, నదియు తన యింటివే. అయినను తన దేశమున అతడెన్నడును కన్నులార చూడనిది ఒకటి ఆ తెరపై కానవచ్చును. అది నైలునది వరద. ఆ వరద కథ తెలిసినగాని ఈ ఆట విలువ బోధపడదు.

ఈజిప్టు దేశమున వర్షము మిక్కిలి అరుదు. రాజధానియగు కైరో నగరమున ఏడాది మొత్తముమీద మూడు సెంటీమీటర్ల వాన కూడ కురియదు. అట్టి దేశమున అయిదువేల యేండ్లకు పైగా పంటలు పండుచుండుటకు నైలునదియే కారణము. గోదావరికి వరద వచ్చు దినములలో ఆకాశము కూడ మేఘావృతమై యుండుట తెలుగువారెరిగినదే. ఈజిప్టులో అట్లు కాదు. మబ్బుతునకయైన లేని మండువేసవిలో నది పొంగెడిది. ఎక్కడో దక్షిణమున ఇథియోపియా పీఠభూమిపై జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియు వానలు నీలి నైలు, అత్బరా అను ఉపనదుల ద్వారా దిగివచ్చుటయే దీనికి కారణము. ఈ సంగతి తెలియని ప్రాచీనులు వరదను హాపీ అను దేవత యనుగ్రహముగా భావించి కొలిచిరి.

వరదతోపాటు నల్లని ఒండ్రుమట్టి వచ్చి పొలములపై పేరుకొనెడిది. అందుచేతనే వారు తమ దేశమును ‘కెమెత్’, అనగా నల్లనేల, అని పిలుచుకొనిరి. వారి సంవత్సరమునకు ఋతువులు మూడే. పొలములు నీట మునిగియుండు కాలము ‘అఖెత్’. నీరు తీసి పైరు మొలకెత్తు కాలము ‘పెరెత్’. కోతల కాలము ‘షెము’. ఒక్కొక్క ఋతువునకు నాలుగేసి మాసములు.

ఆటలోని సేద్యము ఈ ఋతుక్రమమును బట్టియే సాగును. నదీతీరమునందలి పల్లపు నేలపై పొలములు ఏర్పరచవలెను. ఏటేట వరద వచ్చి వానిని ముంచును. నీరు తీసిన పిమ్మట శ్రామికులు వచ్చి సేద్యము చేయుదురు. మరల వరద రాకముందే పంట గాదెలకు చేరవలెను. పంట తీసినకొలది నేల సారము తగ్గును. మంచి వరద వచ్చినచో ఆ సారము మరల పెరుగును. ఓసిరిస్ దేవుని కొలుచుటలో అశ్రద్ధ చేసినచో వరద తగ్గి నగరము ఆకలిపాలగును. పొలములు నీటిలో నున్న దినములలో తీరికగా నుండు శ్రామికులు పిరమిడ్ల పనికి పోవుదురు.

పిరమిడ్ల పనికిని వరదకును గల ఈ సంబంధము కేవలము కల్పన కాదు. 2013లో ఎర్రసముద్ర తీరమున వాదీ అల్‌-జర్ఫ్ అను చోట ఫ్రెంచి పురాతత్త్వవేత్త పియెర్ తాలే నాయకత్వమున జరిగిన త్రవ్వకములలో నాలుగున్నర వేల యేండ్లనాటి పాపిరస్ పత్రములు లభించినవి. మెరెర్ అను ఉద్యోగి వ్రాసికొన్న దినచర్య వానిలో నొకటి. అతడు దాదాపు నలువది మంది పనివారితో తూరా గనుల సున్నపురాళ్లను పడవలపై గీజాకు చేర్చెను. అవి ఖుఫు రాజు పిరమిడ్ కొరకై కొనిపోయిన రాళ్లు. వరదనీరు నిండినప్పుడు పడవలు పిరమిడ్ చేరువ వరకు పోగలిగెడివని పండితులు తలంచుచున్నారు.

నగరమునకు కావలసిన వస్తువులు సయితము ఆ నేలనుండియే పుట్టును. నది యొడ్డున త్రవ్విన బంకమట్టితో కుండలు చేయుదురు. అదే మట్టికి గడ్డి కలిపి ఇటుకలు పోయుదురు. బురదలో జమ్మువలె పెరుగు పాపిరస్ మొక్కతో వ్రాతపత్రములును, అవిసెనారతో వస్త్రములును సిద్ధమగును. పెద్ద చెట్లు అరుదైన దేశము గావున కలపను బిబ్లోస్ రేవునుండి తెప్పింపవలెను. నేటి లెబనాన్ దేశమందలి ఆ రేవునుండి దేవదారు కలపను ఫారోలు నిజముగనే తెప్పించుకొనిరి.

వరద ఎంత వచ్చునో తెలిసికొనుట రైతునకును రాజునకును ప్రాణముతో సమానము. కావున మట్టమును కొలుచుటకు నదీతీరమున మెట్లును, గుర్తులు చెక్కిన స్తంభములును కట్టిరి. పన్నెండు మూరల వరద వచ్చిన కరవనియు, పదునారు మూరలు వచ్చిన సమృద్ధియనియు రోమను పండితుడు ప్లినీ తెలిపెను. కైరో నగరమున రోడా ద్వీపముపై 861లో ముస్లిము పాలకులు కట్టించిన కొలస్తంభము నేటికిని నిలిచియున్నది. మతములు మారినవి, భాషలు మారినవి, రాజ్యములు మారినవి. నదిని కొలుచుట మాత్రము మానలేదు.

ఇన్ని వేల యేండ్లు వచ్చిన ఆ వరద ఇరువదవ శతాబ్దమున నిలిచిపోయినది. అస్వాన్ వద్ద ఉన్నతమగు ఆనకట్ట నిర్మాణము 1960లో ప్రారంభమై 1970లో ముగిసినది. 1964లో జలాశయము నిండసాగిన పిమ్మట ఈజిప్టు పొలములపైకి వెనుకటి వరద రాలేదు. ఆనకట్ట చేసిన మేలు తక్కువది కాదు. కరవు భయము తగ్గినది; ఏడాది పొడుగునను సాగునీరు లభించుచున్నది; విద్యుచ్ఛక్తి కలిగినది. కాని ఒండ్రుమట్టి జలాశయముననే నిలిచిపోవుటచే రైతులకు రసాయనిక ఎరువుల యవసరము పెరిగినది. సముద్రపుటొడ్డున డెల్టా భూమి కోసికొనిపోవుచున్నది. గ్రామములు మునిగిపోగా నూబియా ప్రజలు పుట్టిన నేలను విడిచి తరలిపోయిరి. అబూ సింబెల్ ఆలయములను ముక్కలుగా కోసి 1964–68 మధ్య ఎత్తైన చోట మరల నిలిపిరి. నాగార్జునసాగరము కట్టినప్పుడు నాగార్జునకొండ శిల్పములను కొండమీదికి చేర్చిన వృత్తాంతము తెలిసిన తెలుగు బాలురకు ఇది సులభముగా అర్థమగును.

కావున నేడు నైలు తీరమున పెరుగుచున్న బాలునకు వరద యనగా పెద్దలు చెప్పు ముచ్చట మాత్రమే. ఎండ మారలేదు, ఇసుక మారలేదు. నది నడక మారినది. ఆటలో పొలములమీదికి నీరు ప్రాకివచ్చుట చూచినపుడు అతడు తన తాతముత్తాతల కాలమును చూచుచున్నాడు. అంతేకాదు, ఆ నీటికిని ధాన్యమునకును, ధాన్యమునకును రాజ్యమునకును గల సంబంధమును తన చేతితో నడిపి తెలిసికొనుచున్నాడు. పాఠములో చదివినది మరచిపోవచ్చును. వరద తగ్గి తాను కట్టిన నగరము పస్తుండుటను మరచుట కష్టము.

అయినను ఆటయందు కొన్ని కొరతలు లేకపోలేదు. ఆడువాడు ఎల్లప్పుడును పాలకుని స్థానమున నుండును. వరద తక్కువైన యేడు అతనికి లెక్కలలోని లోటు. గాదె ఖాళీయైన యింటి తల్లికి అది బిడ్డల ఆకలి. మరియు ఆ దేశపు వారసత్వము ఫారోలతో ముగియలేదు. నేటి ఈజిప్టు ప్రజల భాష అరబీ. అయినను పల్లెలలో రైతులు విత్తుటకును కోయుటకును ప్రాచీన సంవత్సరమునుండి వచ్చిన కాప్టిక్ మాసములనే గుర్తుంచుకొందురు. తూబా మాసమనిన చలి, అంషీర్ మాసమనిన గాలిదుమారము వారికి స్ఫురించును. వరద ఆగిపోయినను ప్రతి ఆగస్టు నెలలో వరద పండుగను జరుపుకొనుచునే యున్నారు.

ఆ మాసముల సామెతలను చెప్పగలవారు, నీటనిండిన పొలములలో పడవపై పోయినవారు ఇంకను కొందరు జీవించియున్నారు. వారు నానాటికి తగ్గిపోవుచున్నారు. ఆట చూపిన వరదను గూర్చి అట్టి వృద్ధులను అడిగి తెలిసికొను బాలుడు తన నదిని పూర్తిగా ఎరిగినవాడగును. ఏ దేశపు బాలునకైనను ఇదియే మార్గము. తెరపై కనిపించు పూర్వకాలము ఆటగా మాత్రమే మిగులక తనదగుటకు, తన యింటి పెద్దలను ఒక్క ప్రశ్న అడిగినను చాలును.