నాలుగు క్రెడిట్ల స్పానిష్: పెట్టేదెంత, దక్కేదెంత?

"మామయ్యా, స్పానిష్ తీసుకోనా? నాలుగు క్రెడిట్లు సులువుగా వచ్చేస్తాయంటున్నారు." కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో చేరబోతున్న మా మేనకోడలు ఫోన్లో అడిగిన మాట ఇది. కమ్యూనిటీ కాలేజీ అంటే డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువును తక్కువ ఫీజుకు చెప్పే ప్రభుత్వ కాలేజీ. తీసుకోమనో వద్దనో చెప్పేముందు కాగితం తీసి లెక్క వేశాను. అమెరికాలో చదివే పిల్లలున్న ఇళ్లన్నిటికీ పనికొస్తుందని ఆ లెక్క ఇక్కడ పెడుతున్నాను.

అందరూ స్పానిషే ఎందుకు తీసుకుంటారు?

2021లో అమెరికా కాలేజీల్లో ఇంగ్లీషు కాని భాషల క్లాసుల్లో నమోదైన పేర్లు దాదాపు 11.8 లక్షలు. అందులో స్పానిష్ వాటా 5.8 లక్షలకు పైనే. అంటే భాష క్లాసులో చేరిన ఇద్దరిలో ఒకరు స్పానిష్ బెంచీ మీదే ఉన్నారు. కారణం వీధిలోనే కనబడుతుంది. ఆ దేశంలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లు దాటారు. 2011 జనాభా లెక్కల్లో మన రెండు తెలుగు ప్రాంతాలూ కలిపి 8.46 కోట్లు, అందులో సుమారు సగం అనుకోండి. బయట 20 దేశాల్లో అది అధికార భాష. నేర్చుకున్న మాటను వాడే చోటు వెతుక్కోనక్కర్లేదు.

క్రెడిట్ అంటే నిజానికి ఎంత పని?

క్రెడిట్ అనేది చదువును తూచే తూనికరాయి. అమెరికా కేంద్ర ప్రభుత్వ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల ఇంటిపని, ఇలా సుమారు 15 వారాలు. క్లాసు "గంట" అంటే మామూలుగా 50 నిమిషాలే. నాలుగు క్రెడిట్లకు వారానికి నాలుగు క్లాసులు, సెమిస్టరుకు 60 క్లాసులు, గడియారం ప్రకారం 50 గంటలు. ఇంటిపని వారానికి 8 గంటలు, మొత్తం 120. రెండూ కలిపితే 170 గంటలు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ కోర్సులో పది పాళ్లకు ఏడు పాళ్లు క్లాసు బయటే ఉంది. 8 గంటల్ని ఏడు రోజులకు పంచితే రోజుకు దాదాపు 70 నిమిషాలు, అంటే రోజూ ఒక సీరియల్‌వి రెండు ఎపిసోడ్లు చూసేంత సేపు. "సులువుగా వచ్చేస్తాయి" అన్నవాళ్లు ఈ 70 నిమిషాల్ని లెక్కలో వేసి ఉండరు.

ఖర్చు మాటేమిటి?

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఆ రాష్ట్రవాసులకు ఒక యూనిట్‌కు 46 డాలర్లు. అక్కడ క్రెడిట్‌నే యూనిట్ అంటారు. నాలుగింటికి 184 డాలర్లు. 50 క్లాసు గంటలకు పంచితే గంటకు 4 డాలర్ల లోపే. పుస్తకం, ఆన్‌లైన్ అభ్యాసాల కోడ్ దీనికి అదనం. చదువు వీసా మీద వెళ్లినవారికి, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారికి ఫీజు ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక వాళ్లు ఈ లెక్కను తమ కాలేజీ రేటుతో మళ్లీ వేసుకోవాలి.

క్లాసులో కూర్చుంటే మాట్లాడటం వచ్చేస్తుందా?

క్లాసులో 25 మంది ఉన్నారనుకుందాం. టీచరు నోరు విప్పకుండా 50 నిమిషాలూ పిల్లలకే ఇచ్చినా ఒక్కొక్కరి వంతు 2 నిమిషాలు. 60 క్లాసులకు 120 నిమిషాలు. సెమిస్టరంతా కలిపి నోరు తిరిగేది రెండు గంటలే! అందుకే మంచి టీచర్లు ఇద్దరిద్దరిని జతచేసి మాట్లాడిస్తారు. క్లాసుకు 20 నిమిషాలు జతలకు వదిలితే ఒక్కొక్కరి వంతు 10 నిమిషాలు, మొత్తం 10 గంటలు. ఒక్క పద్ధతి మారితే అయిదు రెట్లు. మొదటి వారం సిలబస్ కాగితంలో మార్కుల శాతాలతోపాటు ఈ జతపని ఉందో లేదో కూడా చూడమని మా మేనకోడలికి చెప్పాను.

సెమిస్టరు చివరికి ఎంత వస్తుంది?

పేరు, ఊరు, కుటుంబం చెప్పుకోవడం, టైము అడగడం, ధర తెలుసుకోవడం, రోజువారీ పనులు వర్తమాన కాలంలో చెప్పడం, "వెళ్లబోతున్నాను" అనడం. యూరప్ వాళ్ల ఆరు మెట్ల కొలబద్దలో ఇది సుమారుగా మొదటి మెట్టు. దాని పేరు ఏ1.

గమ్యం ఎంత దూరమో తెలియాలంటే అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్క చూడాలి. తమ దౌత్యాధికారులు ఉద్యోగంలో ధీమాగా వాడుకునేంత స్పానిష్‌కు అది 600 నుంచి 750 క్లాసు గంటలు పెడుతుంది. మన 50 గంటలు 750లో పదిహేనో వంతు. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. పదిహేనో వంతు అంటే ఇంకా హయత్‌నగర్ చుట్టుపక్కలే ఉన్నట్టు. ఇది తెలిస్తే సెమిస్టరు ముగిసే డిసెంబరులో "ఏమీ రాలేదే" అన్న దిగులు ఉండదు. బస్సు సరైన రోడ్డు మీదే ఉంది.

అదే సంస్థ తెలుగుకు 1,100 గంటలు పెట్టింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి స్పానిష్ కంటే మన భాష దాదాపు ఒకటిన్నర రెట్లు కష్టమని దానర్థం. ఆ సరుకు మా మేనకోడలికి ఇంట్లోనే పుట్టుకతో దొరికింది. ఇంగ్లీషు వాళ్ల కోసం రాసిన పాఠ్యపుస్తకం అది స్పానిష్‌కు ఎలా పనికొస్తుందో చెప్పదు.

తెలుగు ఎక్కడ పనికొస్తుంది?

మొదట నోట్లో. స్పానిష్‌లో అచ్చు శబ్దాలు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసినట్టే పలుకుతాయి. "నువ్వు" అనడానికి "తూ" అంటారు. అది మన త. ఇంగ్లీషు అలవాటున్నవారు దాన్ని ట వైపు లాగుతారు. ఇక ర, ర్ర తేడా. "పెరో" అంటే కానీ, "పెర్రో" అంటే కుక్క. ఈ ర్ర దగ్గర క్లాసులో చాలామంది వారాల తరబడి నాలుకతో కుస్తీ పడతారు. ముందు "గుర్రం, కర్ర, బుర్ర" అని గట్టిగా అని, వెంటనే "పెర్రో" అనండి. నాలుకను ఇంకాస్త ఆడిస్తే చాలు.

తర్వాత వాక్యంలో. "నాకు కాఫీ నచ్చింది, నాకు పుస్తకాలు నచ్చాయి" అంటాం. క్రియ నన్ను బట్టి కాదు, నచ్చినదాన్ని బట్టి మారింది. స్పానిష్ వాక్యం కట్టు అచ్చం ఇదే: "మె గుస్తా ఎల్ కాఫె", "మె గుస్తాన్ లోస్ లీబ్రోస్". "ఐ లైక్" నుంచి వెళితే ఇది తలకిందులుగా కనబడుతుంది. "నాకు" నుంచి వెళితే తిన్నగా ఉంటుంది. తూ, ఉస్తెద్ అనే రెండు మాటలు కూడా మన నువ్వు, మీరు లాంటివే.

పుస్తకాల్లో పేజీలు నింపే మరో చిక్కు సేర్, ఎస్తార్. రెండింటికీ ఇంగ్లీషులో ఒకే క్రియ. మనం "ఆమె డాక్టరు" అన్నప్పుడు క్రియే ఉండదు. "ఆమె ఇంట్లో ఉంది" అన్నప్పుడు ఉంటుంది. మొదటిచోట స్పానిష్ సేర్ వాడుతుంది, "ఎస్ మేదికా". రెండోచోట ఎస్తార్, "ఎస్తా ఎన్ కాసా". "పెళ్లి తిరుపతిలో" అన్నా క్రియ లేదు కదా, అక్కడా సేరే. అయితే అన్నిచోట్లా ఈ కొలత నప్పదు. "ఆమె అందంగా ఉంటుంది" అనేచోట మనకు ఉండు ఉంది, వాళ్లకు సేర్ వస్తుంది. ఊతకర్రగా వాడుకోండి, దాని మీదే బరువంతా మోపకండి.

మరి కష్టం ఎక్కడ?

రెండు చోట్ల. ఒకటి లింగం. మనకు బల్లా పుస్తకమూ రెండూ "అది". వాళ్లకు బల్ల స్త్రీ, పుస్తకం పురుషుడు. ఓ తో ముగిస్తే పురుషుడు, ఆ తో ముగిస్తే స్త్రీ అన్న సూత్రం చాలావరకు కాపాడుతుంది. కానీ చేయి "లా మానో", రోజు "ఎల్ దీయా". అందుకే మాటను ఒంటరిగా కాక ముందున్న ఎల్, లా తో కలిపే బట్టీ పట్టాలి.

రెండోది క్రియల చివర్లు. మూడు రకాల క్రియలు, ఆరేసి రూపాలు, పుస్తకంలో 18 గళ్ల పట్టిక. భయపడకండి. కలిసిపోయేవి తీసేస్తే వేర్వేరు చివర్లు 13. స్పెయిన్‌లో తప్ప పెద్దగా వినబడని "మీరందరూ" రూపం పక్కన పెడితే పదే. అమెరికాలో చాలా క్లాసులు ఆ పదితోనే నడుస్తాయి. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతారు అని క్రియ చివర్లోనే మనిషిని చెప్పే అలవాటు మనకు ఉండనే ఉంది. "ఆబ్లో" అంటే చాలు, "నేను" అక్కర్లేదు.

మాటలు ఎన్ని నేర్వాలి?

వారానికి 40 అనుకుంటే రోజుకు ఆరు, సెమిస్టరుకు 600. ఎక్కువగా వాడే వెయ్యి మాటలు వస్తే సంభాషణలో వినబడేదాంట్లో దాదాపు 88 శాతం తెలిసినట్టేనని ఒక లెక్క. ఆ అంకె చూసి పొంగిపోవద్దు. ఎనిమిది మాటల వాక్యంలో ఒకటి తెలియకుండా పోతుందని దానర్థం, ఆ ఒక్కటే చాలాసార్లు అసలు సంగతి. కొన్ని మాత్రం చుట్టాల్లా తగులుతాయి. మన అల్మారా, తువ్వాలు, మేస్త్రి పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిన మాటలు. ఆ భాష స్పానిష్‌కు చెల్లెలు. కనుక అక్కడ అర్మారియో, తోఆయా, మాయెస్త్రో ఉన్నాయి. మాయెస్త్రో అంటే పాఠం చెప్పే మేస్టారు. ఇల్లు కట్టించే మేస్త్రిని కూడా "మాయెస్త్రో దె ఓబ్రాస్" అంటారు.

హైస్కూల్లో కొంత చదివినవారి సంగతేమిటి?

వాళ్లు ముందుగా ప్లేస్‌మెంట్ పరీక్ష రాయాలి. ఏ మెట్టులో కూర్చోవాలో తేల్చే పరీక్ష అది. సులువుగా మార్కులు వస్తాయని వచ్చిన పాఠమే మళ్లీ వింటే 170 గంటలు వృథా.

చివరికి మా మేనకోడలికి ఇలా చెప్పాను: "తీసుకో తల్లీ. కానీ ఆ రోజుకు 70 నిమిషాలు ముందు టైంటేబుల్లో రాసుకో, ఆ తర్వాతే పేరు ఇవ్వు. అందులో 20 నిమిషాలు పైకి వినబడేలా చదువు." నిన్న ఫోన్ చేసింది. వెనక నుంచి వాళ్లమ్మ కేక వినబడింది: "గుర్రం, పెర్రో, గుర్రం, పెర్రో అని పొద్దున్నే ఈ గోలేమిటే!" ఆ రోజు 20 నిమిషాలూ లెక్కలో పడ్డాయన్నమాట.