శ్రమదానముతో బ్రతికిన ఏరు

ఏరు ఎండిన ఊరిలో బావులు ఎక్కువ కాలము నిలువవు. ఏటిని కాపాడవలెనన్న ముందు దానికి నీరందించు వాలు భూములను కాపాడవలెను.

రాజస్థాన్ రాష్ట్రము, అల్వర్ జిల్లాలోని అర్వరీ ఏరు ఇందుకు మంచి ఉదాహరణము. అడవులు తరిగిపోయినవి. 'జోహడ్'లనబడు పూర్వపు మట్టికట్టలు ఆలనాపాలనా లేక పాడుపడినవి. వాననీరు నిలువక, మట్టిని కోసికొనిపోయెడిది. వానలు వెనుకబడగనే ఏరు ఎండిపోయెడిది. 1980 దశకము నుండి గ్రామస్థులు, తరుణ్ భారత్ సంఘ్ కార్యకర్తల తోడ్పాటుతో, శ్రమదానము చేసి జోహడ్‌లను తిరిగి కట్టిరి. కట్ట వెనుక నిలిచిన నీరు భూమిలోనికి ఇంకి, బావులలో ఊరి, నెమ్మదిగా ఏటికి చేరినది. 1990 దశకమున ఏరు ఏడాది పొడవునా పారసాగినది.

నీరు వచ్చిన పిమ్మట తగవులు రాకుండుటకై 1999లో సుమారు 70 గ్రామములవారు 'అర్వరీ పార్లమెంటు'ను ఏర్పరచుకొనిరి. అధికముగా నీరు త్రాగు చెరకు వంటి పైరులు వలదనుకొనిరి.

రైతు సోదరులారా! మన మెట్ట ప్రాంతములందును పని ఎగువ నుండి దిగువకు సాగవలెను. ముందు వాలునకు అడ్డముగా గట్లు, చెట్లు, పిదప వంకలలో రాతికట్టలు, చివరకు చెరువు. ఏటా తొలకరికి ముందే గ్రామాధికారులు ఊరివారిని కూడగట్టి గండ్లు పూడ్పించి, పూడిక తీయింపవలెను. కట్టుట ఒక ఏటి పని. కాపాడుట ఏటేటి పని.