దొడ్డి తలుపులో పిల్లికో గుమ్మం
డాబాలు వచ్చాక మూసుకుపోయిన దారిని మళ్లీ తెరిచిన ఓ రైతు కుటుంబం

కొత్తపేట: కోనసీమ పల్లెల్లో మండువా లోగిళ్లు ఒక్కొక్కటే కూలి డాబాలు లేస్తున్నాయి. మనుషులకు సౌకర్యం పెరిగింది గాని ఇంట్లో తిరిగే పిల్లికి మాత్రం దారి మూసుకుపోయింది. పాత ఇళ్లలో పిల్లి పెంకుల మీదుగా వచ్చి, మండువాలోకి దిగి, అటకెక్కి తన పని తాను చూసుకునేది. దానికోసం ఎవరూ తలుపు తీయనక్కరలేదు. ఇప్పుడు పైన శ్లాబు, కిటికీలకు దోమల జాలీ, గుమ్మాలకు బిగుతైన తలుపులు. పిల్లి బయట, ఎలుక లోపల! ఎలుకకు తలుపులతో పనేముంది? తూము చాలు, కరెంటు పైపు పక్క సందు చాలు. చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉంటే చిట్టెలుక వచ్చేస్తుంది.

దీనివల్ల జరిగే నష్టం ఎలాంటిదో కొత్తపేట సమీపంలోని ఒక గ్రామంలో ఐదెకరాల రైతు కుటుంబం స్వయంగా అనుభవించింది. సార్వా కోతల తర్వాత స్వర్ణ రకం ధాన్యం రెండు బస్తాలు, అంటే 150 కిలోలు విత్తనానికని విడిగా తీసి ఇంటి వెనుక కొట్టుగదిలో పెట్టారు. మళ్లీ మృగశిర కార్తె వచ్చేదాకా ఆ గది తలుపు తీసింది తక్కువే. నారుమడికని తీస్తే గోనెలు అడుగున కొరికి ఉన్నాయి. ధాన్యంలో సగానికి సగం ఊక, మిగిలినదాంట్లో పెంటికలు. విత్తనం మళ్లీ కొనుక్కోవలసి వచ్చింది. డబ్బు పోయినందుకు కంటే, ఏరి కోరి దాచుకున్న గింజ పోయినందుకే ఆ ఇంటి పెద్దాయన ఎక్కువ బాధపడ్డారు.

మందు పెడితే పిల్లి పోయింది

ఆ కోపంలో ఇంట్లోవాళ్లు బ్రోమోడయొలోన్ మందు కలిపిన నూకలు కొట్టుగది మూలల్లో పెట్టారు. ఈ మందు తీరు రైతులందరూ తెలుసుకోదగ్గది. జింకు ఫాస్ఫైడు మాదిరిగా ఇది వెంటనే చంపదు. రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. తిన్న ఎలుక కొన్ని రోజులకు గాని చావదు. ఈలోగా మందకొడిగా, మత్తుగా పట్టపగలే బయట తిరుగుతుంది. అలాంటి ఎలుక పిల్లికి సులువుగా దొరుకుతుంది. ఒకటి తింటే ఏమీ కాకపోవచ్చు గాని, వరుసగా తింటూ పోతే ఆ విషం పిల్లి ఒంట్లోనూ చేరుతుంది.

ఆ ఇంట్లో అయిదేళ్లుగా ఉన్న పిల్లి విషయంలో అదే జరిగింది. రెండు రోజులు మేత ముట్టలేదు, మూడో రోజు చిగుళ్ల నుంచి రక్తం కనిపించింది, నాలుగో రోజు పొద్దున్న దూలగొందిలో చచ్చిపడి ఉంది. చిగుళ్లు పాలిపోయినా, రక్తం కనిపించినా ఆ పూటే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్తే విటమిన్ కె-1 మందుతో బతికే అవకాశం ఉంటుంది. ఆ సంగతి అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లయిందని మామ్మగారు ఇప్పటికీ అంటూ ఉంటారు.

తర్వాత చుట్టాలింటి నుంచి ఒక పిల్లికూనను తెచ్చారు. మందు జోలికి మళ్లీ పోకూడదని అనుకున్నారు. కాని కూన పెద్దదైన కొద్దీ మరో తంటా మొదలైంది. రాత్రి పది గంటలకు బయటికి పోతానని ఒక అరుపు, ఒంటిగంటకు లోపలికి వస్తానని ఒక అరుపు, తెల్లవారుజామున మళ్లీ ఒకటి. తలుపు తీయకపోతే దోమల జాలీ తలుపును గోళ్లతో చీల్చేసేది. రెండుసార్లు జాలీ మార్చారు. లేచి తలుపు తీయడం కోడలి వంతు కనుక, దీనికో దారి చూడకపోతే లాభం లేదని ఆమే పట్టుబట్టింది.

కన్నం వెయ్యమని పిలిచారు

తలుపుకు రంధ్రం పెట్టడమనే మాట వినగానే మామగారు ఒప్పుకోలేదు. సింహద్వారం ముట్టుకోవద్దని, ఏం చేసినా దొడ్డి తలుపుకే చేసుకోమని చివరికి అన్నారు. మంచిదే అయింది. పిల్లి రాకపోకలకు వీధి వైపు కంటే పెరటి వైపే మేలు.

పిలిచిన వడ్రంగి మేస్త్రి ముందు నవ్వాడు. “ఇన్నాళ్లూ కన్నాలు పూడ్చమని పిలిచారు గాని, వెయ్యమని ఎవరూ పిలవలేదండీ అమ్మగారూ!” అన్నాడు. వెంటనే అసలు సందేహం కూడా అతనే లేవనెత్తాడు. పిల్లి దూరే చోట దొంగ చెయ్యి దూరదా? దూరుతుంది. అందుకని గడియకు, రంధ్రానికి మధ్య మనిషి చెయ్యి సాచినా అందనంత ఎడం ఉండాలి. ఆ ఇంటి దొడ్డి తలుపుకు నడుమెత్తులో ఒక గడియ ఉంటే దాన్ని తీసి తలుపు పైభాగాన బిగించారు. రంధ్రాన్ని గడియ వైపు కాకుండా మడతబందుల వైపు కోశారు. చెయ్యి లోపల పెట్టి చూసుకున్నాకే మేస్త్రికి నమ్మకం కుదిరింది.

పిల్లికి ఎంత రంధ్రం కావాలనేది చాలామంది తప్పుగా అంచనా వేస్తారు. బొద్దుగా కనిపించినా అందులో సగం వెంట్రుకలే. మామూలు నాటు పిల్లికి వెడల్పు ఆరంగుళాలు, ఎత్తు ఆరున్నర నుంచి ఏడంగుళాలు సరిపోతుంది. అంతకన్నా పెద్దది పెడితే ఊరకుక్క పిల్లలు కూడా వచ్చేస్తాయి. అనుమానం ఉంటే తలుపు కొయ్యకముందే ఒక అట్టపెట్టెకు ఆ కొలతతో రంధ్రం చేసి, అవతల చేప తల పెట్టి పిల్లిని వదిలితే అదే చెబుతుంది.

కొలత కంటే ముఖ్యమైనది నేల నుంచి ఎత్తు. రంధ్రం కింది అంచు పిల్లి నిలబడినప్పుడు దాని పొట్ట ఉండే ఎత్తులో ఉండాలి. అంటే అయిదారు అంగుళాలు. నేలకు ఆనించి కోస్తే పిల్లి పాకుతూ పోవాలి, వర్షపు నీరు లోపలికి వస్తుంది, తలుపు అడుగు చెక్క బలం కూడా పోతుంది. మన దొడ్డి గుమ్మాల్లో లోపలి నేల ఎత్తు, బయటి మెట్టు పల్లం. అలాంటిచోట బయట రెండు ఇటుకలు పేర్చి పిల్లికి మెట్టు కట్టాలి. ఆ ఇంట్లోనూ అదే చేశారు.

ఆ తలుపు పాత టేకుది కనుక మేస్త్రి నాలుగు మూలలా బర్మాతో బెజ్జాలు వేసి, సన్నరంపంతో గీత వెంట కోసి, అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాడు. బజారులో కొనే ఫ్లష్ తలుపు అయితే పని వేరు. కొన్నిటి లోపల బోలుగా ఉంటుంది. కోసిన తర్వాత చుట్టూ లోపల కొయ్యపట్టీలు దూర్చి బిగించకపోతే అంచు నలిగిపోతుంది, వానాకాలం చెమ్మ పట్టి ఉబ్బుతుంది. గట్టిపరిచిన గాజు తలుపును అసలు కొయ్యకూడదు, మొత్తం ముక్కలవుతుంది.

ఇక రంధ్రానికి రెక్క. రెక్క అటూ ఇటూ ఊగాలి. మామూలు మడతబందు వేస్తే ఒకవైపే తెరుచుకుంటుంది, వెళ్లిన పిల్లి తిరిగి రాలేదు. మేస్త్రి దీనికి చేసిన ఉపాయం మెచ్చుకోవలసిందే. పలుచటి ప్లాస్టిక్ పలకను రంధ్రం కంటే అన్ని వైపులా నూలు మందం తగ్గించి కోశాడు. పైఅంచున రెండు చిన్న రేకు చుట్లు బిగించి, వాటిలో నుంచి సైకిలు చక్రం పుల్లను దూర్చి రంధ్రం పైభాగాన అమర్చాడు. కింది అంచుకు పాత సైకిలు ట్యూబు ముక్క అంటించాడు. గాలికి టపటప కొట్టుకోకుండా బీరువా తలుపులకు వేసే చిన్న అయస్కాంతం ఒకటి కింద, దానికెదురుగా రెక్కకు ఒక ఇనుప బిళ్ల. పిల్లి తలతో నెట్టితే విడిపోతుంది, వెళ్లాక అతుక్కుంటుంది. అయస్కాంతం మరీ బలమైనదైతే పిల్లి నెట్టలేక వదిలేస్తుంది. మొదట పెట్టినది అలాగే కావడంతో దాన్ని తీసి చిన్నది వేశారు.

కొట్టుగది లోపలి తలుపుకు రెక్క పెట్టలేదు. ఉత్త రంధ్రమే కోశారు. అక్కడ దోమల బాధ లేదు గనుక అది చాలు.

ఇది కొత్త వింతేమీ కాదు

తలుపులో పిల్లికి దారి పెట్టడం ఇప్పుడు పుట్టిన ఆలోచన కాదు. ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరపు పెద్ద చర్చిలో గడియారం కింద ఉన్న తలుపుకు 1598లో పిల్లి కోసం రంధ్రం చేయించారు. వడ్రంగులకు ఎనిమిది పెన్నీలు ఇచ్చినట్లు అక్కడి లెక్కల్లో ఉంది. గడియారానికి రాసే కొవ్వు కోసం ఎలుకలు చేరేవట. అంతకు ముందే 1305 నుంచి 1467 వరకు ఆ చర్చి లెక్కల్లో పిల్లి మేపుకని మూడు నెలలకు 13 పెన్నీల చొప్పున పద్దు కనిపిస్తుంది. పిల్లికి జీతమన్న మాట! పిల్లి తలుపును కనిపెట్టింది న్యూటనేనని, పెద్ద పిల్లికి పెద్ద కన్నం, కూనకు చిన్న కన్నం పెట్టించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. న్యూటన్ పుట్టింది 1642లో. అప్పటికే ఎక్సెటర్ రంధ్రానికి నలభై ఏళ్లు దాటాయి.

కోనసీమ పిల్లికి ఈ చరిత్రతో పనిలేదు. రెక్క బిగించిన మొదటి రోజు అది దగ్గరికే రాలేదు. ఇంటి అబ్బాయి మెడపట్టి దూర్చబోతే రక్కి పారిపోయింది. అలా బలవంతం చేస్తే పిల్లి ఆ దారినే అసహ్యించుకుంటుంది. తర్వాత కోడలు రెక్కను పూర్తిగా పైకెత్తి దారంతో కట్టేసింది. నాలుగు రోజులు ఉత్త కన్నంలోంచి తిరిగింది. తర్వాత సగం దించి కట్టింది, అవతల చేప ముక్క పెట్టింది. రెండో వారానికల్లా దారం అవసరం లేకపోయింది. ఇప్పుడు రాత్రి ఆ రెక్క చప్పుడు విని మామ్మగారు పిల్లి వచ్చిందో పోయిందో చెప్పేస్తారట.

పాము మాటేమిటి?

ఇరుగు పొరుగు అమ్మలక్కలు వచ్చి చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కాలువ గట్ల పక్క ఊళ్లలో ఇది తీసిపారేయదగ్గ భయం కాదు. ఊగే రెక్క పామును ఆపదు. అందుకని మేస్త్రి రంధ్రానికి లోపలి వైపు రెండు గాడులు పెట్టి, పైనుంచి దించే చెక్కపలక ఒకటి అమర్చాడు. చీకటి పడేసరికి పిల్లిని లోపలికి పిలిచి మేత పెట్టి, పలక దించేస్తారు. రాత్రంతా పిల్లి లోపలే ఉంటుంది, కొట్టుగది కాపలా కాస్తుంది. మూలన ఇసుక పోసిన తొట్టి పెడితే ఇల్లు పాడుచేయదు. ఇలా చేస్తే పాము భయమే కాదు, పాలగిన్నెల మీదికి వచ్చే వీధి గండుపిల్లి బెడద కూడా తప్పుతుంది. పగలు పలక ఎత్తేసి ఉంచుతారు. అసలు ఎలుకలు చేరిన ఇంటికే వాటి వెనుక పాము వస్తుందనేది కూడా మరచిపోకూడదు. అయితే పలక దించడం ఏ ఒక్కరి బాధ్యతో ముందే తేల్చుకోవాలి. అందరి పనీ అయితే ఎవరూ దించరు.

పట్నాల్లో, ఆన్‌లైను అమ్మకాల్లో తయారుగా దొరికే పిల్లి తలుపులు కూడా ఉన్నాయి. ప్లాస్టిక్ చట్రంతో వచ్చే మామూలు రకాన్ని లోపలికి మాత్రమే, బయటికి మాత్రమే, రెండు వైపులా, పూర్తి మూత అని నాలుగు విధాలా మార్చుకోవచ్చు. పిల్లి మెడలోని పట్టీకి ఉన్న అయస్కాంతాన్ని గుర్తించి తెరుచుకునేవి మరో రకం. అన్నిటికన్నా ఖరీదైనది, పిల్లి మెడ వెనుక చర్మం కింద బియ్యపు గింజంత చిప్ పెట్టిస్తే దాన్ని చదివి తెరుచుకునేది. ఇతర పిల్లులను రానివ్వదు. బ్యాటరీలు మారుస్తూ ఉండాలి. విదేశాల్లో పిల్లలు లేని దంపతులకు, ఫ్లాట్లలో ఉండేవారికి అది నప్పవచ్చు గాని, కొట్టుగది ఎలుకల కోసమైతే మేస్త్రి చేసిన సైకిలు పుల్ల తలుపే నయం. విరిగితే ఊళ్లోనే బాగుచేయించుకోవచ్చు.

ఇంట్లోకి స్వేచ్ఛగా తిరిగే పిల్లి పిల్లల పక్కలోకి కూడా వస్తుంది. కనుక పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా ఏటా వేయించడం తప్పనిసరి. కరిచినా, రక్కినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పెంపుడు పిల్లేగా అని ఊరుకోరాదు.

ఈ ఏడు ఆ ఇంట్లో విత్తనాల బస్తాలు గోడకు జానెడు ఎడంగా బల్ల మీద పేర్చారు. మొన్న విప్పి చూస్తే గోనె ఒక్కచోట కొరికి ఉంది, గింజ చెక్కుచెదరలేదు. పెరట్లో పందికొక్కులు మాత్రం అలాగే ఉన్నాయి. బాగా ఎదిగిన పందికొక్కు మీదికి పిల్లి పోదు, ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. వాటికోసం పొలాల్లో వాడే వెదురు బుట్టలు పట్టించుకుందామని రైతు, ఎలుకలు పట్టే అతనికి కబురు పెట్టారు.