పేగులో పంక్తిభోజనం

పిల్లలూ! చాగలమర్రిలో ఉండే మీరు కొర్రన్నం తింటే, ఆ భోజనం మీ ఒక్కరికే అనుకోకండి. మీ పెద్దపేగులో కోటానుకోట్ల బాక్టీరియా తమ వంతు కోసం కాచుకుని ఉంటాయి.

అన్నంలోని పిండిపదార్థం చాలావరకు చిన్నపేగులోనే జీర్ణమై రక్తంలో కలుస్తుంది. పీచును అరిగించుకునే శక్తి మనకు లేదు. అది పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బాక్టీరియా దానిని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో బ్యూటిరిక్ ఆమ్లం పేగు లోపొరకు ఆహారం! మనం వాటికి పెడితే అవి మనకు పెడతాయన్నమాట.

మేలుచేసే బాక్టీరియాకు మేతయ్యే పదార్థాలకు 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అనే శాస్త్రజ్ఞులు ‘ప్రీబయోటిక్’ అని పేరుపెట్టారు. ఉల్లి, వెల్లుల్లిలోని ఇనులిన్ అటువంటిదే. ఇక కొర్రలు మన సీమ పంటే. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం ‘సూర్యనంది’ అనే కొర్ర రకాన్ని రూపొందించింది. తవుడు పూర్తిగా పోకుండా దంచిన కొర్రలలో పీచు ఎక్కువ.

పీచు అందకపోతే? 2016లో ఎలుకలపై పరీక్షించి చూశారు. ఆకలిగొన్న బాక్టీరియా పేగుగోడను కాపాడే జిగురుపొరనే తినసాగాయి!

అలాగని ఒక్కరోజే అతిగా తినకూడదు. పీచు పులిసేటప్పుడు వాయువు పుట్టి కడుపు ఉబ్బుతుంది. అందుచేత కొద్దికొద్దిగా పెంచుతూ, నీళ్ళు బాగా తాగాలి. కొందరికి ఉల్లి, పప్పులు పడవు. తిన్నప్పుడల్లా కడుపు నొస్తుంది. అటువంటివారు నొప్పిని దాచుకోక ఇంట్లో పెద్దలకు చెప్పి, వైద్యునికి చూపించుకోవాలి. పంక్తిలో ఎవరికెంత వడ్డించాలో తెలిసి వడ్డించడమే మంచిది!