చలిని అప్పు తెచ్చుకునే యంత్రం

స్కీలు అమ్ముడుపోక పుట్టిన యంత్రం ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, మిల్‌ఫర్డ్ అనే ఊళ్లో, విమానాల తయారీలో పనిచేసి బయటికొచ్చిన ముగ్గురు ఇంజనీర్లు ఓ చిన్న సంస్థ పెట్టుకున్నారు. వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ వాళ్ల పేర్లు. సంస్థ పేరు టే మాన్యుఫాక్చరింగ్. అందరూ చెక్క స్కీలు వాడుతున్న రోజుల్లో వీళ్లు విమానాల లోహంతో, అంటే అల్యూమినియంతో స్కీలు చేయడం మొదలుపెట్టారు. సరుకు మంచిదే. కానీ 1949-50 చలికాలం ముంచేసింది. ఈశాన్య అమెరికా కొండల మీద మంచు సరిగా పడలేదు. మంచే లేనప్పుడు స్కీలు ఎవరికి కావాలి?

1950 మార్చిలో పియర్స్‌కు ఒక ఆలోచన వచ్చింది. బాగా చలిగా ఉన్న గాలిలోకి నీటిని సన్నటి తుంపరగా చిమ్మితే, ఆ బొట్లు నేలను తాకేలోపే గడ్డకట్టాలి కదా? రంగులు వేసే స్ప్రేకి వాడే కంప్రెసర్ ఒకటి, ఓ నాజిల్, పెరట్లో మొక్కలకు నీళ్లు పట్టే రబ్బరు గొట్టం. ఇంతే సరంజామా. చలి రాత్రి చూసుకుని ఆన్ చేశారు. మంచు కురిసింది.

అదే చలికాలంలో, అదే రాష్ట్రంలో మోహాక్ కొండ మీద స్కీ కేంద్రం నడుపుతున్న వాల్ట్ షోన్‌నెక్ట్ ఇంకో దారి పట్టాడు. వందల టన్నుల మంచుగడ్డలు లారీల్లో తెప్పించి, యంత్రంతో తురిమించి, వాలంతా పరిపించాడు. పిచ్చిపనిలా ఉంటుంది కానీ జనం వచ్చి స్కీయింగ్ చేశారు. పియర్స్ బృందం మంచు గన్ అనే తమ కొత్త యంత్రాన్ని మొదట్లో ప్రయోగించి చూసిన చోట్లలో ఆయన కొండ కూడా ఉండటం వింతేమీ కాదు. 1954లో ఆ గన్‌కి పేటెంట్ వచ్చింది.

ఈ యంత్రం పేరు వినగానే చాలామంది దీన్ని ఓ పెద్ద ఫ్రిజ్‌లా ఊహించుకుంటారు. ఫ్రిజ్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇందులో చలిని పుట్టించే భాగమే లేదు. అది చేసేదల్లా నీటిని వీలైనంత చిన్న బొట్లుగా విడగొట్టి, వీలైనంత సేపు గాలిలో ఉంచడం. మిగతా పని గాలిది.

ఆ పని ఎలా జరుగుతుందో తెలియాలంటే మన మట్టికుండ దగ్గరికి రావాలి. అనంతపురంలో ఎండాకాలం కుండలో నీళ్లు జిల్లుమంటాయి. అదే కుండ విశాఖపట్నంలో అంతగా పనిచేయదు. కుండ గోడలోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటిలోని వేడిని పట్టుకుపోతుంది. సముద్రపు ఒడ్డున గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఆవిరి కావడానికి చోటుండదు. మంచు గన్ నుంచి ఎగిరిన ప్రతి బొట్టూ తనకు తానే ఒక కుండ. ఒళ్లంతా ఆవిరవుతూ తనను తాను చల్లబరుచుకుంటుంది.

లెక్క కూడా చాలా ఉదారంగా ఉంది. సున్నా డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు గడ్డకట్టాలంటే 80 కేలరీల వేడి వదిలించుకోవాలి. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 600 కేలరీలు లాక్కుపోతుంది. అంటే ఒక్క గ్రాము ఆవిరిగా పోతూ ఏడు గ్రాములను గడ్డకట్టించగలదు. నిజానికి చల్లటి గాలి నేరుగా కూడా కొంత వేడిని తీసుకుంటుంది కనుక అంత నీరు కూడా ఖర్చు కాదు.

అందుకే మంచు చేసేవాళ్లు మామూలు థర్మామీటర్‌ను నమ్మరు. దాని బల్బుకి తడిగుడ్డ చుడితే చూపించే ఉష్ణోగ్రత, తడి బల్బు ఉష్ణోగ్రత, వాళ్లకు ప్రమాణం. అది మైనస్ రెండున్నర చుట్టుపక్కలకు దిగితే యంత్రాలు ఆన్ చేయవచ్చు. దీని ఫలితం తమాషాగా ఉంటుంది. గాలి బాగా పొడిగా, తేమ 30 శాతం దగ్గర ఉంటే, బయట ప్లస్ ఒక డిగ్రీ ఉన్నా మంచు తయారవుతుంది. మైనస్ ఒకటి ఉండి చుట్టూ దట్టమైన పొగమంచు కమ్ముకుని ఉంటే మాత్రం గన్ నుంచి వచ్చేది వట్టి వాన.

ఇంకో చిక్కుంది. సున్నా డిగ్రీలకు నీరు గడ్డకడుతుందని బడిలో చదువుకున్నది పూర్తి నిజం కాదు. మలినం లేని సన్నటి బొట్టు మైనస్ 38 దాకా ద్రవంగానే ఉండిపోగలదు. గడ్డకట్టడం మొదలవడానికి ఒక విత్తనం కావాలి: దుమ్ము కణమో, అప్పటికే గడ్డకట్టిన ఓ నలుసో. 1946 నవంబరులో విన్సెంట్ షేఫర్ అనే శాస్త్రజ్ఞుడు విమానంలోంచి మేఘం మీద డ్రై ఐస్ చల్లి మంచు కురిపించింది ఈ సూత్రంతోనే. ఆయన సహోద్యోగి బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడ్ కూడా విత్తనంగా పనికొస్తుందని కనిపెట్టాడు. 2000ల దశకంలో కరవు జిల్లాల మీద విమానాలు తిరిగినప్పుడు మనకు పరిచయమైన మేఘమథనానికి మూలం ఆ పనే.

పియర్స్ గన్‌లో విత్తనాలు తయారు చేసేది అందులోని ఒత్తిడి గాలి. కంప్రెసర్‌లోంచి ఒక్కసారిగా బయటపడి వ్యాకోచించిన గాలి బాగా చల్లబడుతుంది. దానితో కలిసి వచ్చిన అతి సన్నటి బొట్లు కొన్ని అక్కడికక్కడే గడ్డకడతాయి. మిగతా బొట్లు వాటిని తగిలి తామూ గడ్డకడతాయి. ఇప్పటి యంత్రాల్లో ఈ పనికి విడిగా చిన్న నాజిళ్లే ఉంటాయి.

విత్తనాల వేటలో అందరికంటే చిత్రమైనది సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా. మొక్కల ఆకుల మీద బతుకుతుంది. దాని పైపొరలోని ఒక ప్రోటీన్ నీటి అణువులను మంచు స్ఫటికంలో నిలబడే వరసలోనే నిలబెడుతుంది. దాంతో మైనస్ రెండు దగ్గరే నీరు గడ్డకడుతుంది. పైర్లకు ఇది శత్రువు, ఎందుకంటే ఆకులు మంచుకు మాడిపోవడానికి ఇదీ ఒక కారణం. స్టీవెన్ లిండో అనే శాస్త్రజ్ఞుడు ఆ ప్రోటీన్ లేని రకాన్ని తయారు చేసి 1987లో కాలిఫోర్నియా పొలాల్లో చల్లించాడు. జన్యువులు మార్చిన సూక్ష్మజీవిని అధికారిక అనుమతితో ఆరుబయట వదలడం అదే మొదలు, పెద్ద గొడవే జరిగింది. రైతు వద్దనుకున్న ఆ గుణాన్నే స్కీ కేంద్రాలు డబ్బిచ్చి కొనుక్కున్నాయి. ఆ బ్యాక్టీరియాను పెంచి, చంపి, ఎండబెట్టిన పొడిని స్నోమాక్స్ పేరుతో అమ్ముతారు. నీటి ట్యాంకులో కలిపితే చాలు.

పియర్స్ కంటే ముందే ఈ దృశ్యాన్ని చూసినవాళ్లు కెనడాలో ఉన్నారు. 1940లలో రే రింగర్ బృందం జెట్ ఇంజన్లకు మంచు పట్టడాన్ని పరిశీలిస్తూ, గాలి సొరంగంలో ఇంజన్ మూతి ముందు నీళ్లు చల్లింది. వాళ్లకు కావలసింది లోహం మీద పేరుకునే గట్టి మంచు. వచ్చింది మెత్తటి మంచు. మధ్యమధ్యలో ప్రయోగం ఆపి పారలతో ఎత్తిపోసుకోవాల్సి వచ్చింది. పని పాడుచేసిన చెత్తగా తప్ప దాన్ని సరుకుగా చూసే అవసరం వాళ్లకు లేకపోయింది. అమ్ముడుపోని స్కీలు ఇంట్లో పేరుకున్నవాడికి మాత్రం అది వెంటనే కనబడింది.

తర్వాతి మలుపు మిషిగన్‌లో. గాలిని కుదించడానికి కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది, పైగా చెవులు చిల్లులు పడే మోత. ఆల్డెన్ హాన్సన్ అనే ఇంజనీరు నీటి తుంపరను పెద్ద ఫ్యాన్‌తో ఊదే పద్ధతి కనిపెట్టి 1961లో పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు స్కీ వాలుల పక్కన కనబడే, విమానం ఇంజన్‌లాంటి ఆ పీపా హాన్సన్ వారసత్వమే. మూతి చుట్టూ వరసల్లో నీటి నాజిళ్లు, వెనక ఫ్యాన్.

ఇంతకీ అది మంచేనా? మేఘంలో పుట్టే మంచురేకు నీటి బొట్టు గడ్డకట్టి ఏర్పడదు. గాలిలోని ఆవిరి నేరుగా వచ్చి అణువు పక్కన అణువుగా అతుక్కుని, ఆరు కొమ్మలుగా పెరుగుతుంది. దాన్ని నిజంగా ప్రయోగశాలలో పెంచింది జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఉకిచిరో నకాయా, 1936లో. గాలిలో తేలే రేకును గదిలో ఎలా నిలబెట్టాలి? రకరకాల దారాలు వేలాడదీసి చూశాడు. వాటి నిండా మంచు గుబురుగా పట్టేసేది. చివరికి కుందేలు వెంట్రుక కుదిరింది. దాని మీద అక్కడొకటి అక్కడొకటిగా స్ఫటికాలు విడివిడిగా పెరిగాయి. ఉష్ణోగ్రత, తేమ మార్చితే రేకు ఆకారం ఎలా మారుతుందో ఆయన గీసిన పటం ఇప్పటికీ పాఠ్యాంశమే.

గన్‌కి అంత తీరిక లేదు. బొట్టు పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలి నీరు తర్వాత గడ్డకడుతూ 9 శాతం దాకా ఉబ్బి పెంకును పగలగొడుతుంది. సూక్ష్మదర్శిని కింద కనిపించేది పగిలిన గుండ్రటి పూస మాత్రమే. పూసలు దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి ఈ మంచు బరువు. అప్పుడే పడిన సహజమైన మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలుంటే, ఇది 400 నుంచి 500. ఆ గట్టితనాన్ని తిట్టుకునే స్కీయర్లున్నారు. పందేల నిర్వాహకులకు మాత్రం అదే వరం. వందమంది ఒకే మలుపు దగ్గర కోసుకుంటూ పోయినా దారి గుంటలు పడదు, తొందరగా కరగదు.

ఇంత భౌతికశాస్త్రం ఉన్నా చివరి పరీక్ష కోటు చేతి మీదే. రాత్రి మంచు చేసే సిబ్బంది గన్ ముందు కురిసే మంచులోకి వెళ్లి, కోటు చేతిని చాచి నిలబడతారు. పూసలు చేతి మీద పడి చిట్లి ఎగిరిపోతుంటే మంచు పొడిగా ఉన్నట్టు, నీళ్లు ఇంకొంచెం వదలవచ్చు. బట్టకు అంటుకుని తడి మరక చేస్తే నీటిని తగ్గించాలి. చలి తెల్లవారుజామున ఎక్కువ కాబట్టి వాళ్ల ఉద్యోగం చీకట్లోనే. నీళ్లు ఆగిన గొట్టం కొద్దిసేపట్లో కర్రలా బిగుసుకుపోతుంది. దాన్ని మోసుకుంటూ వాలు మీద ఒక కుళాయి నుంచి ఇంకో కుళాయికి తిరగడం తమాషా పని కాదు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్లే తేమ చూసుకుని నీటిని సర్దుతున్నాయి.

1952లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రాసింజర్స్ విడిది ఈ యంత్రాన్ని రోజువారీ వాడుకలోకి తెచ్చింది. 1980లో లేక్ ప్లాసిడ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ మంచు పరిచారు. 2022 బీజింగ్ పోటీలు దాదాపు పూర్తిగా దాని మీదే నడిచాయి. అక్కడి కొండల్లో చలికాలం గడ్డకట్టించే చలి, పొడిగాలి. అంటే ఆకాశం మంచు కురిపించదు, గన్‌కి మాత్రం స్వర్గం. మూడు వందలకు పైగా యంత్రాలు పనిచేశాయి. నీటి ఎద్దడి ఉన్న ప్రాంతంలో ఆ నీళ్లెక్కడివన్న ప్రశ్న కూడా గట్టిగానే వినిపించింది.

ఆ ప్రశ్న చిన్నదేం కాదు. ఎకరం వాలు మీద అడుగు మందాన మంచు పరచాలంటే, సాంద్రత 450 కిలోలు అనుకున్నా, ఐదున్నర లక్షల లీటర్ల నీరు కావాలి. గాలికి కొట్టుకుపోయేది అదనం. కరిగాక చాలావరకు అదే లోయకు చేరుతుందని వాదిస్తారు, నిజమే. కానీ తీసుకునేది వాగులు సన్నబడిన చలికాలంలో. అరిజోనా రాష్ట్రంలో ఒక స్కీ కేంద్రం శుద్ధిచేసిన మురుగునీటితో మంచు చేస్తామంది. ఆ శిఖరాలు హోపీ, నవాహో తెగలకు పవిత్రమైనవి. వాళ్లు కోర్టుకెళ్లారు. 2008లో అప్పీలు కోర్టు వాళ్లకు వ్యతిరేకంగా చెప్పింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు విననంది, 2012లో ఆ నీటితో మంచు కురిసింది. నీళ్లు శుద్ధమా కాదా అన్నదే న్యాయమూర్తుల ముందున్న విషయమైతే కొలిచి చెప్పేయవచ్చు. మనం మొక్కుకునే కొండల్లో ఏదో ఒకదాని మీద ఇదే పని చేస్తామంటే మన జవాబు కొలతలతో ఆగుతుందా?

మన దేశంలో ఈ యంత్రాలు ఉత్తరాఖండ్‌లోని ఔలీకి 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం వచ్చాయి. నీటికోసం కొండ మీద ఒక చెరువు కూడా తవ్వారు. అయినా 2018లో అక్కడ జరగాల్సిన అంతర్జాతీయ స్కీ పందెం మంచు చాలక రద్దయింది. 2004 నుంచి హైదరాబాద్ స్నో వరల్డ్‌లో మంచులో ఆడుకోగలుగుతున్నాం కదా అంటే, అక్కడ ముందు గోడలు కట్టి గదిని చల్లబరిచారు. కొండకు గోడలు కట్టలేం. ఆరుబయట గన్ చలిని అప్పు తెచ్చుకోవాల్సిందే, అప్పిచ్చే రాత్రులు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇటలీలో స్కీ వాలుల్లో దాదాపు 90 శాతానికి ఇప్పుడు కృత్రిమ మంచు సదుపాయం ఉంది. దాని అర్థం వాళ్లకు ధీమా ఉందని కాదు.

చలి లేకుండా మంచు చేసే యంత్రం కూడా ఉంది. ఇజ్రాయెల్‌లో సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి అభివృద్ధి చేసిన పద్ధతి అది. దక్షిణాఫ్రికాలో లోతైన బంగారు గనుల్ని చల్లబరచడానికి వాడారు. పెద్ద ట్యాంకులోంచి గాలి లాగేస్తే అందులోని నీరు కొంత ఆవిరవుతూ మిగతాదాన్ని గడ్డకట్టిస్తుంది. అదే ఒకటికి ఏడు లెక్క, కాకపోతే పొడిగాలి చేసే పని పంపు చేస్తుంది. బయట ఎండ కాస్తున్నా పనిచేస్తుంది. ఆస్ట్రియాలో పిట్జ్‌టాల్, స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ స్కీ కేంద్రాలు 2000ల చివర్లో కొనుక్కున్నాయి. గాలి ఉచితంగా చేసిపెట్టే పనిని కరెంటుతో చేయించుకోవడం కాబట్టి మిగతావాళ్లు ఎగబడలేదు.

స్విట్జర్లాండ్‌లోనే ఉన్న దావోస్ వాళ్లు ఖర్చు తక్కువ దారి చూసుకున్నారు. జనవరి చలిలో గన్లతో చేసిన మంచును గుట్టగా పోసి, పైన రంపపు పొట్టు మందంగా కప్పి, వేసవంతా అలాగే ఉంచుతారు. అక్టోబరు చివర్లో పొట్టు తీసి ఆ మంచును స్కీ బాట మీద పరుస్తారు. ఈ కిటుకు పాతదే. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి మసాచుసెట్స్ చెరువుల మంచుగడ్డల్ని రంపపు పొట్టులో చుట్టి ఓడల్లో మద్రాసు దాకా పంపించాడు. వాటిని దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ మెరీనా ఎదుట ఇప్పటికీ ఉంది.